పువ్వు కంటే ముందు పట్టు చూడాలి: మన కొండల క్లెమాటిస్ తీగలు

బెంథామ్, హుకర్ అనే ఇద్దరు ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుల వర్గీకరణను అనుసరించి అమర్చిన హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలను భద్రపరిచే చోట, మొదటి బీరువా తెరిస్తే, మొదటి అరలో ఉండే కుటుంబం రనన్‌క్యులేసీ. ఆ కుటుంబంలో మొదటి ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) క్లెమాటిస్, దాని వెనుకనే వచ్చేది నారవేలియా. 1872లో వెలువడడం మొదలైన ‘ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ కూడా ఇదే వరుసను పాటించింది కనుక, మన దేశపు మొక్కల గురించి తెలుసుకుందామని ఆ సంపుటాలను మొదటినుంచి చదవడం మొదలుపెట్టినవారికి ముందుగా ఎదురయ్యేవి ఈ రెండు తీగలే. విచిత్రమేమిటంటే, పుస్తకంలో ఇంత ముందు వరుసలో ఉన్న తీగలు హైదరాబాదులో ఉంటూ మొక్కలు చూడడం అలవాటు చేసుకున్నవారికి అన్నిటికన్నా ఆలస్యంగా పరిచయమవుతాయి.

అందుకు కారణం వాతావరణం. రనన్‌క్యులేసీ ప్రధానంగా ఉత్తరార్ధగోళపు చల్లని ప్రాంతాల కుటుంబం. అందులో రెండు వేలకు పైగా జాతులు ఉన్నా, దక్కను పీఠభూమి ఎండకు, రాతి నేలకు తట్టుకొని దిగి వచ్చినవి కొద్ది మాత్రమే. నగరంలో బండల మధ్య మిగిలిన పొదల్లో తిప్పతీగ, దూసరతీగ, దుష్టపుతీగ, బుడ్డకాకర కావలసినంత దొరుకుతాయి కానీ ఈ కుటుంబపు తీగ కోసం నల్లమల వైపో, ఇంకా తూర్పున పాపికొండలు, మారేడుమిల్లి, అరకు వైపో వెళ్ళాలి. అంతమాత్రాన ఈ కుటుంబం మనకు బొత్తిగా కొత్తదని అనుకోనక్కరలేదు. మిర్చీ కా సాలన్ తాలింపులో వేసే కలోంజీ, అంటే నల్లజీలకర్ర, ఈ కుటుంబానిదే. ఆయుర్వేదంలో పేరుమోసిన వత్సనాభి, అతివస కూడా ఈ కుటుంబానివే. అయితే అవి తీగలు కావు, మన కొండలవీ కావు కాబట్టి వాటిని ఇక్కడితో వదిలేస్తాను.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఒక్కటే. ఈ తీగలను గుర్తుపట్టడానికి పువ్వు కోసం ఎదురుచూడనక్కరలేదు. తీగ దేనితో పట్టుకొని పైకి పోతున్నదో చూస్తే సగానికి పైగా పని అయిపోతుంది. పువ్వు ఏడాదిలో కొన్ని వారాలు ఉంటుంది, అది కూడా చాలాసార్లు మన తలకు ఎంతో ఎత్తున చెట్టు కొమ్మల మీద ఉంటుంది. పట్టు మాత్రం ఏడాది పొడవునా, మన కంటి ఎత్తులోనే ఉంటుంది.

తీగలన్నీ ఒకే విధంగా ఎక్కవు. తిప్పతీగ, దూసరతీగ, శంఖుపువ్వు తీగ వంటివి తమ కాండాన్నే ఆధారం చుట్టూ మెలితిప్పుకుంటూ పోతాయి. కాకర, దోస జాతులకు కణుపుల దగ్గర నులితీగలు ఉంటాయి. బుడ్డకాకరకు పూగుత్తి కాడ మీదనే నులితీగలు వస్తాయి. అగ్నిశిఖకు ఆకు కొనే సాగి నులితీగ అవుతుంది. క్లెమాటిస్ పద్ధతి వీటన్నిటికీ భిన్నమైనది. దానికి నులితీగ అంటూ వేరే అవయవం లేదు, ఆకు కాడే ఆ పని చేస్తుంది. లేత ఆకు కాడకు పక్కనున్న పుల్ల తగిలితే, తగిలిన వైపుకు అది మెల్లగా వంగి, ఒక చుట్టు చుట్టి, పట్టు బిగిస్తుంది. ఆకు చిన్న చిన్న పత్రకాలుగా చీలిన సంయుక్త పత్రం కనుక ప్రధాన కాడ మాత్రమే కాక పత్రకాల చిన్న కాడలు కూడా ఈ పని చేయగలవు. అందువల్ల ఒక్క ఆకే రెండు మూడు పుల్లలను వేర్వేరు చోట్ల పట్టుకొని ఉండడం కనిపిస్తుంది.

ఈ సంగతిని శ్రద్ధగా పరీక్షించినవాడు చార్లెస్ డార్విన్. ఎగబాకే మొక్కల కదలికల గురించి 1865లో లిన్నేయన్ సొసైటీ పత్రికలో అచ్చయిన ఆయన సుదీర్ఘ వ్యాసంలో, ఆకులతో ఎక్కే మొక్కల భాగం క్లెమాటిస్‌తోనే మొదలవుతుంది. ఆయన అనేక క్లెమాటిస్ జాతులను తెచ్చుకొని, లేత కాడలను పుల్లతో రుద్దీ, వాటికి సన్నని దారపు ఉచ్చులు తగిలించీ, ఏ జాతి కాడ ఎంత తేలికపాటి స్పర్శకు వంగుతుందో నమోదు చేశాడు. ఆధారాన్ని చుట్టుకున్న కాడ ఆ తరువాత లావెక్కి, గట్టిపడి, చుట్టుకోని కాడకంటే భిన్నంగా తయారవుతుందని కూడా గమనించాడు. అడవిలో మనకు పనికివచ్చే ఆనవాలు ఇదే. ముదిరిన తీగను పట్టుకొని కిందికి చూస్తూ వస్తే, ఆకు రాలిపోయిన చోట కూడా కొయ్యబారిన కాడలు పుల్లలను చుట్టుకొని ఉంగరాల మాదిరిగా మిగిలి ఉంటాయి. పువ్వూ కాయా ఆకూ ఏమీ లేని వేసవిలో సైతం ఆ చుట్టలను బట్టి క్లెమాటిస్ ఉన్నదని అనుమానించవచ్చు. ముదిరిన కాడకు ఈ స్పర్శజ్ఞానం ఉండదు. కాబట్టి పరీక్షించదలచినవారు చివరి కణుపుల దగ్గరి లేత ఆకులను చూడాలి.

రెండవ ఆనవాలు ఆకుల అమరిక. రనన్‌క్యులేసీ కుటుంబంలో అత్యధికం మొక్కలకు ఆకులు ఏకాంతరంగా, అంటే కణుపుకు ఒకటి చొప్పున, ఉంటాయి. క్లెమాటిస్, దాని దగ్గరి బంధువులు ఇందుకు మినహాయింపు. వాటికి ప్రతి కణుపు దగ్గర రెండు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. ఈ ఒక్క లక్షణంతో మన అడవుల్లోని తీగల్లో చాలా భాగాన్ని పక్కన పెట్టవచ్చు. తిప్పతీగ, దూసరతీగ వృక్షశాస్త్రం లెక్కలో రనన్‌క్యులేసీకి దూరపు చుట్టాలే, రెండు కుటుంబాలూ ఒకే క్రమంలోకి, అంటే కుటుంబాలకు పైనుండే ఒకే వర్గంలోకి, వస్తాయి. అయినా వాటి ఆకులు ఏకాంతరం కాబట్టి అనుమానానికి చోటు లేదు. బుడ్డకాకర పువ్వు చిన్నది, తెల్లనిది, నాలుగు రేకులది కావడం వల్ల ఛాయాచిత్రంలో కొంత తికమక పెట్టవచ్చు కానీ దాని ఆకులూ ఏకాంతరమే, పైగా గాలి నింపిన తిత్తి వంటి కాయ చూశాక ఇక చర్చ అక్కరలేదు.

ఎదురెదురు ఆకులున్న తీగల్లో పాలు కారేవి ఒక పెద్ద గుంపు. దుష్టపుతీగ, దాని కుటుంబంలోని మిగతా తీగలు ఈ గుంపులోవి. ఆకు తుంచితే తెల్లని పాలు వస్తే అది క్లెమాటిస్ కాదు. దూది విషయంలోనూ వీటితో పొరపడే అవకాశం ఉంది. జిల్లేడు కుటుంబపు తీగల్లో కాయ పగిలి, లోపలి గింజలు ఒక్కొక్కటీ తెల్లని పట్టు కుచ్చుతో ఎగిరిపోతాయి. క్లెమాటిస్‌లో పగిలే కాయ ఉండదు. పువ్వు ఉన్న చోటనే అనేకమైన చిన్న గట్టి ఫలాలు ఒక గుత్తిగా నిలబడి, ప్రతి ఫలానికీ ఈక వంటి పొడవైన తోక ఉంటుంది. ఆ తోక పువ్వులోని కీలమే, అంటే అండాశయం మీద నిలిచే సన్నని కాడే. పువ్వు రాలాక అది ఎండిపోకుండా సాగి, ఇరువైపులా మెత్తని రోమాలు తొడుక్కొని, గాలికి ఫలాన్ని మోసుకుపోయే సాధనంగా మారుతుంది. దూరం నుంచి రెండూ తెల్లని దూదిగానే కనిపించినా, దగ్గరకు వెళ్ళి పగిలిన తొక్క ఉన్నదా లేదా అని చూస్తే క్షణంలో తేలిపోతుంది.

ఎదురెదురు ఆకులు, ఆ ఆకులు మళ్ళీ పక్షి ఈక తీరున పత్రకాలుగా చీలి ఉండడం, తెల్లని సువాసన పువ్వులు, ఈ మూడూ కలిసినప్పుడు మన తెలుగువాళ్ళకు ముందుగా తట్టేది జాజి. నల్లమల వంటి చోట్ల అడవి మల్లెజాతులు కూడా చాలానే ఉండడం వల్ల ఈ పోలిక ఊరికే తీసిపారేయదగినది కాదు. కాకపోతే పువ్వు చేతికి అందితే తేడా స్పష్టం. జాజి పువ్వుకు కింద సన్నని గొట్టం, ఆ గొట్టం లోపల రెండే కేసరాలు. క్లెమాటిస్ పువ్వుకు గొట్టం ఉండదు, రేకులు మొదలు దాకా విడివిడిగా ఉంటాయి, మధ్యలో లెక్కపెట్టడానికి విసుగు వచ్చేటన్ని కేసరాలు ఉంటాయి. పువ్వు అందకపోతే మళ్ళీ పట్టు దగ్గరకే రావాలి. జాజి కొమ్మలు పక్క మొక్కల మీదికి వాలి ఎగబాకుతాయే తప్ప వాటి ఆకు కాడలు దేనినీ చుట్టుకోవు.

ఇక పువ్వు గురించి. క్లెమాటిస్‌కు మనం రేకులనుకునేవి నిజానికి రక్షక పత్రాలు. ఆకర్షణ పత్రాలు అసలు లేవు. ఈ మాట పుస్తకంలో చదివినప్పుడు నమ్మబుద్ధి కాదు కానీ మొగ్గను చూస్తే అర్థమవుతుంది. మల్లె మొగ్గకు, గులాబీ మొగ్గకు అడుగున ఆకుపచ్చని తొడిమ గిన్నె ఉంటుంది, దాని లోపలి నుంచి రేకులు పైకి వస్తాయి. క్లెమాటిస్ మొగ్గకు అటువంటి గిన్నె లేదు. మొగ్గ మొత్తం లేత ఆకుపచ్చ తెలుపు కలిసిన ఒకే పొరతో, దాని మీద నిలువుగా నాలుగు అతుకు గీతలతో ఉంటుంది. ఆ నాలుగు భాగాలు ఒకదాని అంచు మీదికి ఒకటి ఎక్కకుండా, అంచుకు అంచు ఆనించి మూసుకొని ఉంటాయి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం జేబులో ఉంటే ఈ నాలుగు గీతలు చక్కగా కనిపిస్తాయి. విచ్చుకున్న పువ్వు కంటే విచ్చుకోబోయే మొగ్గే ఎక్కువ సమాచారం ఇస్తుందని నా అభిప్రాయం. ఛాయాచిత్రాలు తీసేవారు మొగ్గలను వదిలేసి విప్పారిన పువ్వుకే కెమెరా పెట్టడం చూసినప్పుడల్లా కొంచెం బాధ కలుగుతుంది.

పువ్వు మధ్యలో కేసరాల లోపల ఫలదళాలు, అంటే గింజ కట్టే స్త్రీ భాగాలు, అనేకం, ఒకదానితో ఒకటి అతుక్కోకుండా విడివిడిగా ఉంటాయి. రనన్‌క్యులేసీ కుటుంబానికి ఇది ముఖ్యమైన గుర్తు. ఒక్కొక్క ఫలదళమే తరువాత ఒక్కొక్క తోక ఫలం అవుతుంది కాబట్టి, కాయ దశలో గుత్తిని చూసి పువ్వు ఎలా ఉండి ఉంటుందో వెనక్కు ఊహించుకోవచ్చు.

తూర్పు కనుమల్లో తెలుగు నేల మీద ఎక్కువగా తారసపడే జాతి క్లెమాటిస్ గౌరియానా. దీనికి ఆ పేరు పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్. బెంగాలులోని ప్రాచీన నగరం గౌర్ మీదుగా ఆ పేరు వచ్చింది. రాక్స్‌బర్గ్ పెట్టిన పేరును స్విట్జర్లాండుకు చెందిన డి కాండోల్ 1817లో ప్రచురించాడు. రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్ళక ముందు పదేళ్ళకు పైగా మన సామర్లకోటలో ఉన్నవాడు. గోదావరి జిల్లాల మొక్కలను, ఉత్తర సర్కారు కొండల మొక్కలను తెలుగు పేర్లతో సహా నమోదు చేసినవాడు. ఆయన తరువాత సామర్లకోటలో పనిచేసిన బెంజమిన్ హైనే పేరు కూడా మరొక క్లెమాటిస్‌కు, క్లెమాటిస్ హైనీకి, నిలిచిపోయింది. ఒక చిన్న తీరప్రాంతపు పట్టణంలో పనిచేసిన ఇద్దరి పేర్లూ ఒకే ప్రజాతితో ముడిపడి ఉండడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. సామర్లకోట అనగానే భీమేశ్వరాలయం తప్ప ఈ సంగతి తెలిసినవారు అక్కడా తక్కువే.

గౌరియానా పెద్ద తీగ. ముదిరిన కాండం కొయ్యలా ఉండి, దాని మీద నిలువునా గట్లు, గట్ల మధ్య గాడులు ఉంటాయి. గుండ్రంగా, నునుపుగా ఉండే కాండమైతే అనుమానించాలి. ఆకు ఒకసారి చీలి సాధారణంగా ఐదు పత్రకాలుగా ఉంటుంది, బలంగా పెరిగిన కొమ్మల మీద అదే ఆకు రెండుసార్లు చీలి ఇంకా ఎక్కువ పత్రకాలతో కనిపిస్తుంది. ఒకే తీగ మీద రెండు రకాల ఆకులు ఉండడం చూసి రెండు జాతులని అనుకోకూడదు. పత్రకం కోడిగుడ్డు ఆకారంలో మొదలై కొన వైపు సన్నగా సాగుతుంది. పువ్వులు చిన్నవి, ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్లకు మించవు. అయితే అవి పెద్ద గుత్తులుగా, ఒక్కొక్క గుత్తిలో ఎన్నెన్నో వస్తాయి కాబట్టి దూరం నుంచి చెట్టు మీద మీగడ రంగు దుప్పటి పరచినట్లు ఉంటుంది. విచ్చుకున్నాక నాలుగు రక్షక పత్రాలూ వెనక్కు ముడుచుకుపోతాయి. అప్పుడు పువ్వంటే కేసరాల కుచ్చు మాత్రమే అన్నట్లుగా కనిపిస్తుంది. వానలు వెనుకబట్టి దసరా దాటాక పూత మొదలై చలికాలమంతా సాగుతుంది, ఆ వెనుక ఈకల తోకలతో కాయలు వస్తాయి. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో మన్ననూరు దాటి అడవిలో ప్రవేశించాక, రోడ్డు పక్కన చెట్ల అంచుల మీద వెతకడం మంచిది. దట్టమైన నీడలో కంటే వెలుతురు పడే అంచుల్లోనే ఈ తీగలు ఎక్కువగా పూస్తాయి.

గౌరియానాను తక్కిన క్లెమాటిస్‌ల నుంచి వేరు చేయడానికి పాత వృక్షశాస్త్ర గ్రంథాలు ఎంతో ఆధారపడిన లక్షణం ఒకటి ఉంది. అది కేసరపు కాడ మీద రోమాలు ఉన్నాయా లేవా అన్నది. గౌరియానా కేసరపు కాడలు నున్నగా ఉంటాయి. పడమటి కనుమల ఎత్తైన కొండల మీద పెరిగే క్లెమాటిస్ వైటియానాకు కేసరపు కాడల మీద రోమాలు ఉంటాయి, ఆకుల మీద కూడా దట్టమైన నూగు ఉంటుంది. మొదట ఇది మరీ చాదస్తపు లక్షణమని అనిపించవచ్చు. కానీ ఆకు ఆకారం ఒక్క తీగ మీదనే ఎన్ని వేషాలు వేస్తుందో చూశాక, మారకుండా నిలిచే ఈ చిన్న లక్షణం విలువ తెలుస్తుంది. భూతద్దంతో ఒక్క పువ్వు చూస్తే చాలు.

తక్కిన జాతులను గురించి క్లుప్తంగా చెబుతాను. మహారాష్ట్ర కనుమల్లో వానాకాలం చివర పూసే క్లెమాటిస్ హైనీని అక్కడివారు మోర్వేల్ అనీ, రాన్‌జాయి అనీ పిలుస్తారు. దాని పువ్వులు గౌరియానా పువ్వులకంటే బాగా పెద్దవి, తెల్లనివి. తీగ అంతా పట్టు వంటి నూగుతో ఉంటుంది, ఆకు మూడు పత్రకాలుగానో, మూడు తమ్మెలుగానో ఉంటుంది. పుణె వైపు వెళ్ళి వచ్చిన మిత్రులు పంపే ఛాయాచిత్రాల్లో ఎక్కువ భాగం దీనివే. క్లెమాటిస్ హెడిసారిఫోలియాకు ఆకులు ఎప్పుడూ మూడు పత్రకాలే. క్లెమాటిస్ స్మైలాసిఫోలియాకు ఆకు చీలనే చీలదు. పెద్దదిగా, హృదయాకారంలో, దళసరిగా ఉంటుంది. రక్షక పత్రాలు లోపలి వైపు ముదురు ఊదా రంగులో ఉంటాయి. ఆకు ఎన్ని ముక్కలుగా ఉన్నది, నూగు ఎంత, కేసరం నునుపా కాదా అన్న మూడు ప్రశ్నలు దక్షిణ భారతంలో చాలా దూరం తీసుకువెళతాయి.

నారవేలియా సంగతి వేరుగా చెప్పాలి. నారవేలియా జైలానికాను తెలుగులో ముక్కుపీనస తీగ అంటారు. ఇది క్లెమాటిస్ కంటే తేమ ఎక్కువగా ఉండే అడవులను కోరుకుంటుంది. మారేడుమిల్లి వంటి చోట్ల వాగుల ఒడ్డున చూడదగినది. దీని ఆకులో పత్రకాలు రెండే. మూడవ పత్రకం ఉండవలసిన చోట ఒక నులితీగ ఉంటుంది. ఆ నులితీగ కొన మూడు పాయలుగా చీలి ఉంటుంది. అంటే క్లెమాటిస్ ఆకు కాడతో చేసే పనిని నారవేలియా పత్రకాలనే నులితీగలుగా మార్చుకొని చేస్తున్నది. పువ్వులోనూ ఒక తేడా ఉంది. రక్షక పత్రాలు త్వరగా రాలిపోతాయి, వాటి లోపల సన్నగా, కొన దగ్గర కొద్దిగా లావుగా ఉండే పసుపు ఆకుపచ్చ రంగు రేకులు ఆరు నుంచి పన్నెండు దాకా ఉంటాయి. తోక ఫలాలు మాత్రం క్లెమాటిస్‌కు ఉన్నట్లే ఉంటాయి.

హైదరాబాదువారికి ఈ తీగ విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. చలికాలం చివర నగరంలో ఎన్నో ప్రహరీగోడల మీద, గేట్ల కమానుల మీద నారింజ రంగు గొట్టాల పువ్వులతో విరగబూసే పైరోస్టీజియా అనే తీగ ఉన్నది. దక్షిణ అమెరికాది, నర్సరీలలో విరివిగా అమ్ముతారు. మా వీధిలో ఆ తీగ పెంచుకునే ఒకావిడ నేను పుస్తకంలోని నారవేలియా బొమ్మను చూపించినప్పుడు, “అన్నయ్యగారూ, మీరు దీనికోసం మారేడుమిల్లి దాకా పోవడం ఎందుకండీ, మా గోడ మీద ఉన్నది ఇదే కదా!” అన్నారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. పైరోస్టీజియాకు కూడా ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, ఆకులో పత్రకాలు తరచుగా రెండే ఉంటాయి, మూడవ పత్రకం చోట మూడు పాయల నులితీగ ఉంటుంది. అదే కుటుంబానికి చెందిన, పసుపు పువ్వుల డోలికాండ్రా తీగదీ అదే పద్ధతి, కాకపోతే దాని నులితీగ మూడు కొనలూ పిల్లి గోళ్ళ వలె వంకర తిరిగి గోడ సందుల్లో దిగబడతాయి. సంబంధం లేని రెండు కుటుంబాలు ఒకే అవసరానికి ఒకే ఏర్పాటును విడివిడిగా చేసుకున్నాయి. పట్టును చూడమని ఇంతసేపు చెప్పిన నేను, పట్టు ఒక్కటే చాలని అనలేకపోవడానికి ఈ తీగలే కారణం.

పువ్వు ఉంటే చిక్కే లేదు, గొట్టం పువ్వును, విడి రేకుల పువ్వును ఎవరూ కలగాపులగం చేయరు. పువ్వు లేనప్పుడు ఈనెలు చూడాలి. నారవేలియా పత్రకం మొదట్లో, కాడ కలిసే చోటు నుంచే, మూడో ఐదో ప్రధానమైన ఈనెలు విచ్చుకున్న చేతివేళ్ళ తీరున బయలుదేరుతాయి. పైరోస్టీజియాలో నడిమి ఈనె ఒకటి ఉండి దాని నుంచి ఇరువైపులకూ చిన్న ఈనెలు చీలుతాయి. ఆవిడ గోడ మీది ఆకునూ, పుస్తకంలోని బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూపాక ఆవిడ ఒప్పుకున్నారు కానీ, “మా తీగే అందంగా ఉంది” అన్నారు. అందులోనూ న్యాయం ఉంది.

ఫోనులో ఫొటో చూపిస్తే పేరు చెప్పే యాప్‌ల గురించి కూడా ఒక మాట. క్లెమాటిస్ అని ప్రజాతి వరకు అవి చాలాసార్లు సరిగానే చెబుతాయి. అక్కడి నుంచి జాతి పేరు దగ్గరకు వచ్చేసరికి ఐరోపాలో పెరిగే క్లెమాటిస్ విటాల్బానో, జపాను, చైనా దేశాల క్లెమాటిస్ టెర్నిఫ్లోరానో సూచిస్తుంటాయి. ఆ జాతుల ఛాయాచిత్రాలు లోకంలో లక్షలుగా ఉండి, మన గౌరియానా ఛాయాచిత్రాలు కొద్దిగా ఉండడమే ఇందుకు కారణమై ఉంటుంది. పైగా మనం ఇచ్చే ఫొటోలో ఒక్క పువ్వు తప్ప ఏమీ ఉండదు. యాప్‌కైనా, మనిషికైనా పంపదలచిన ఫొటోలలో కణుపు దగ్గర ఆకుల జత, పుల్లను చుట్టుకున్న కాడ, ఆకు పూర్తిగా పరిచిన తీరు, మొగ్గ, పువ్వు పక్క నుంచి, వీలైతే కాయ కూడా ఉండాలి. విటాల్బా మన నల్లమలలో తనంతట తాను పెరగదు కాబట్టి యాప్ ఎంత ధీమాగా చెప్పినా ఆ పేరును రాసుకోకూడదు. నాకు సంతృప్తినిచ్చే పద్ధతి, ముందు మన ప్రాంతంలో నమోదైన జాతులు ఏవో చూసుకొని, వాటిలోనే ఏది కాగలదో తేల్చుకోవడం. అత్తాపూర్‌లోని భారత వృక్షసర్వేక్షణ సంస్థ దక్కను ప్రాంతీయ కేంద్రంలో, ఉస్మానియా విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర విభాగంలో హెర్బేరియంలు ఉన్నాయి. సరైన అనుమతితో నొక్కి ఎండబెట్టిన నమూనాలను చూడగలిగితే, అచ్చు బొమ్మలు చెప్పలేనివి అవి చెబుతాయి. వాటిలో కూడా నాకు ఒక అసంతృప్తి ఉంది. పాత నమూనాలు సేకరించినవారు పూల కొమ్మను ఒద్దికగా కత్తిరించి అతికించారే తప్ప, ఆధారాన్ని చుట్టుకున్న కాడను పుల్లతో సహా తెచ్చినవారు అరుదు.

ఈ తీగలను చేత్తో నలిపి వాసన చూసే అలవాటు ఉన్నవారికి ఒక హెచ్చరిక. రనన్‌క్యులేసీ మొక్కల్లో రనన్‌క్యులిన్ అనే పదార్థం ఉంటుంది. ఆకు నలిగినప్పుడు అది ప్రోటోఎనిమోనిన్ అనే ఘాటైన, మంట పుట్టించే పదార్థంగా మారుతుంది. చర్మానికి తగిలి కాసేపు ఉంటే ఎర్రబడి బొబ్బలెక్కవచ్చు, కంటికి తగిలితే ఇంకా ప్రమాదం. ముక్కుపీనస తీగ పేరు వెనుక ఉన్నది కూడా ఈ ఘాటే. నలిపిన తీగను పడిశానికి, తలనొప్పికి వాసన చూపే అలవాటు మన కొండ ప్రాంతాల్లో ఉంది. ఆ వైద్యం తెలిసినవారు మోతాదు తెలిసి చేసే పనిని మనం అడవికి వెళ్ళిన ఉత్సాహంలో అనుకరించకూడదు. ఎండిన ఆకులో ఆ పదార్థం ఎనిమోనిన్‌గా మారిపోయి ఘాటు తగ్గిపోతుంది. అందుకే హెర్బేరియం కాగితాల మీది నమూనాలు చేతికి మంట పెట్టవు. గుర్తింపు కోసం ఆకును నలపవలసిన అవసరం అసలు లేదు. పాలు ఉన్నాయేమో చూడడానికి ఒక్క ఆకు కాడను గిల్లితే చాలు, ఆ తరువాత చేతులు కడుక్కోవాలి.

గిల్లడమైనా అన్నిచోట్లా చేయరాదు. మన్ననూరు నుంచి శ్రీశైలం దాకా ఉన్న అడవిలో పెద్ద భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో అనుమతి లేకుండా మొక్కలను కోయడం, తీసుకురావడం నేరం. అక్కడ కెమెరా, భూతద్దం, నోటు పుస్తకం మాత్రమే వాడాలి. దారి మీద రాలిన తోక ఫలాలను అక్కడే చూసి అక్కడే వదిలేయడం మంచిది.

నోటు పుస్తకంలో పేరు రాసుకునేటప్పుడు ఒక చిన్న సమస్య వస్తుంది. ముక్కుపీనస తీగకు 1753లో లిన్నేయస్ అట్రజీన్ అనే ప్రజాతి కింద పేరు పెట్టాడు, 1817లో డి కాండోల్ దాన్ని నారవేలియా కింద వేరు చేశాడు. ఇటీవలి డీఎన్‌ఏ పరిశోధనల్లో నారవేలియా జాతులు క్లెమాటిస్ జాతుల మధ్యనే కలిసిపోతున్నాయని తేలడంతో, ఇప్పుడు చాలామంది దాన్ని క్లెమాటిస్ జైలానికా అనే రాస్తున్నారు. కొత్త జాబితాల్లో ఈ పేరు కనిపిస్తుంది, పాత పుస్తకాల్లో, హెర్బేరియం చీటీల మీద, ఆయుర్వేద వ్యాసాల్లో నారవేలియా అనే ఉంటుంది. నేను రెండు పేర్లూ పక్కపక్కన రాసుకుంటాను, పాత పేరును ముందు రాస్తాను. వెతికేటప్పుడు దొరికే సమాచారంలో ఎక్కువ భాగం ఇంకా ఆ పేరు కిందనే ఉన్నది.